మర్దనతో నొప్పి తగ్గుతుంది, కానీ మనం అనుకునే కారణంతో కాదు

నెలల తరబడి నడుము నొప్పితో బాధపడుతున్న 401 మందిని అమెరికాలోని సియాటిల్ పరిశోధకులు మూడు జట్లుగా విడదీశారు. మొదటి జట్టుకు నొప్పికి మూలమనిపించిన కండరాలనూ కీళ్లనూ వెతికి పట్టుకుని, వాటి మీదే పనిచేసే ప్రత్యేకమైన మర్దన చేయించారు. రెండో జట్టుకు ఒళ్లంతా సేదతీరేలా మామూలు మర్దన చేయించారు. మూడో జట్టు అప్పటిదాకా వాడుతున్న వైద్యాన్నే కొనసాగించింది. వారానికి ఒకసారి చొప్పున పది వారాలు గడిచాక అడిగితే, మర్దన పొందిన రెండు జట్లలోనూ మూడింట ఒక వంతుకు పైగా జనం నొప్పి బాగా తగ్గిందనో, పూర్తిగా పోయిందనో చెప్పారు. మూడో జట్టులో ఆ మాట అన్నవారు 25 మందిలో ఒకరు.

2011లో అచ్చయిన ఈ ఫలితంలో నన్ను ఆపేసింది ఆ అంకె కాదు. మొదటి రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేకపోవడం. నొప్పి ఎక్కడ పుట్టిందో గుర్తించి, దాన్ని సరిచేయాలని నైపుణ్యంతో చేసిన మర్దనా, కేవలం హాయి కోసం చేసిన మర్దనా ఒకే మేలు చేశాయి. మర్దన కండరాన్ని బాగుచేస్తుంది కాబట్టే నొప్పి తగ్గుతుందనుకుంటే ఇలా జరగకూడదు. మరి తగ్గించినది ఏమిటి?

మర్దన గురించి మాట్లాడేవారు సాధారణంగా రెండు పక్షాలుగా చీలిపోతారు. సర్వరోగాలకూ అదే మందు అనేవారు ఒక పక్షం, అంతా భ్రమ అనేవారు మరో పక్షం. నా అభిప్రాయంలో ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. మేలు జరిగిందా అన్నది ఒక ప్రశ్న, ఎందుకు జరిగింది అన్నది మరో ప్రశ్న. మొదటిదానికి జవాబు చాలా సందర్భాల్లో అవుననే వస్తోంది. రెండోదానికి మనం తరతరాలుగా చెప్పుకుంటున్న జవాబులే చాలావరకు తప్పు.

తరచూ వినే కారణాలు

లాక్టిక్ ఆమ్లం సంగతే తీసుకుందాం. వ్యాయామం వల్ల అది కండరాల్లో పేరుకుంటుందనీ, మర్దన దాన్ని పిండి బయటికి పంపుతుందనీ అంటారు. నిజానికి కసరత్తు ఆపిన గంట, గంటన్నరలోపే శరీరం ఆ లాక్టేట్‌ను (ఒంట్లో లాక్టిక్ ఆమ్లం ఉండే రూపం అదే) తనంతట తానే వాడేసుకుంటుంది. ఒళ్లు నొప్పులు మొదలయ్యేది మర్నాడు. అలవాటు లేని శ్రమకు కండరపు పోగుల్లో పడిన సూక్ష్మమైన గాయాలు, వాటి చుట్టూ రేగిన వాపు ఆ నొప్పికి కారణం. పైగా 2010లో కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ముంజేయి కండరాలను పరీక్షించినప్పుడు, మర్దిస్తున్నంతసేపూ ఆ ఒత్తిడికి రక్తప్రవాహం తగ్గి, లాక్టేట్ బయటికి పోవడం మరింత నెమ్మదించింది.

విషపదార్థాలు కరిగి బయటికి పోతాయన్న మాట ఇంకా బలహీనం. రక్తాన్ని వడకట్టే పని కాలేయానిదీ మూత్రపిండాలదీ. వీపు నొక్కినంత మాత్రాన ఆ పని వేగం పెరగదు. మర్దన తర్వాత నీళ్లు తాగడంలో తప్పేమీ లేదు, తాగకపోతే విషాలు ఒంట్లో మిగిలిపోతాయని భయపడనక్కరలేదు.

ఇక కండరాలను చుట్టి ఉండే పొరలను, అంటే ఫేషియాను, చేతులతో సాగదీసి సరిచేస్తామనే పద్ధతులు ఉన్నాయి. 2008లో కొందరు పరిశోధకులు దీన్ని గణితంతో లెక్కగట్టారు. తొడ బయటి వైపునా అరికాలిలోనూ ఉండే గట్టి పొరల ఆకారాన్ని ఒక్క శాతం మార్చాలన్నా వందల కిలోల బలం కావాలని తేలింది. ఏ మనిషి మోచేతికీ అంత బలం లేదు, ఉంటే తట్టుకోగల ఒళ్లూ లేదు. శరీరం ఆ పొరలను అంత గట్టిగా తయారుచేసుకున్నందుకు సంతోషించాలి. లేకపోతే కుర్చీలో గంట కూర్చుని లేచేసరికి మన ఆకారం మారిపోయేది.

కండరంలో ముడి పడిందనే మాట మాత్రం కొంచెం ఆగి చూడదగినది. ఎందుకంటే నొక్కితే ప్రాణం లేచివచ్చే చోట్లు నిజంగానే ఉంటాయి. మెడ మీద నొక్కితే తలలో నొప్పి పుట్టడం వంటివి చాలామందికి అనుభవమే. అమెరికా అధ్యక్షుడు కెనడీకి వైద్యం చేసిన జానెట్ ట్రావెల్ ఇలాంటి చోట్లను ట్రిగ్గర్ పాయింట్లు అని పిలిచి, వాటికి ఒక పెద్ద పటమే గీశారు. చిక్కు ఏమిటంటే, ఒకే రోగిని వేర్వేరు నిపుణులు తడిమి చూసినప్పుడు ఆ ముడి సరిగ్గా ఎక్కడ ఉందన్నదానిమీద వారికి ఏకాభిప్రాయం కుదరడం లేదు. నొప్పి నిజం, నొక్కితే తగ్గడమూ నిజం. వేళ్ల కింద ఒక గడ్డ చితికి కరిగిపోయిందన్న ఊహకు మాత్రం ఆధారం సరిపోవడం లేదు. నాడులు పంపుతున్న హెచ్చరిక తగ్గడంతో కండరం బిగువు సడలిందనుకోవడం ఎక్కువ సబబు.

కండరం స్థాయిలో మర్దన ఏమీ చేయదని దీని అర్థం కాదు. 2012లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 11 మంది యువకుల చేత సైకిలు తొక్కించి, అలసిపోయాక ఒక కాలికి మాత్రం పది నిమిషాల మర్దన చేసి, రెండు కాళ్ల నుంచీ కండరపు ముక్కలు తీసి పోల్చి చూశారు. మర్దించిన కాలిలో వాపును రేపే సంకేతాలు తగ్గాయి. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా తయారీకి సంబంధించిన సంకేతం పెరిగింది. లాక్టేట్‌లో తేడా లేదు. చిన్న ప్రయోగం, కానీ ముచ్చటైనది. మరోవైపు 29 పరిశోధనలను కలిపి 2020లో ప్రచురించిన ఒక సమీక్షలో, మర్దన వల్ల క్రీడాకారుల పరుగువేగం గానీ బలం గానీ ఓర్పు గానీ పెరిగిన దాఖలా లేదు. ఒళ్లు సులువుగా వంగే గుణం కాస్త పెరిగింది, మర్నాటి నొప్పులు కాస్త తగ్గాయి. అంతే.

చర్మం దగ్గర మొదలుపెడితే

కండరాన్ని కాసేపు పక్కన పెట్టి చర్మాన్ని చూస్తే విషయం విప్పుకుంటుంది. చేయి మొదట తగిలేది దానికే. చరకుడు అభ్యంగనం గురించి చెబుతూ నూనె పట్టిన కుండ, తోలు, బండి ఇరుసు గట్టిపడినట్టే శరీరమూ గట్టిపడుతుందన్నాడు. ఆ వెంటనే స్పర్శ చర్మాన్ని ఆశ్రయించి ఉంటుందనీ, స్పర్శలో వాయువు ప్రధానమనీ, అందుకే చర్మానికి అభ్యంగనం అంత మేలనీ చెప్పాడు. ఆనాటి సిద్ధాంతం వేరు, నేటి నాడీశాస్త్రం వేరు. రెండింటినీ బలవంతంగా కలపడం నాకు ఇష్టం లేదు. కానీ ఆ చూపు చర్మం మీద ఆగినందుకు మాత్రం నాకు గౌరవం.

చర్మంలో ఒత్తిడిని పసిగట్టే గ్రాహకాలు ఉంటాయి. వాటిలో కీలకమైన పియెజో ప్రోటీన్లను కనుగొన్నందుకు ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. వేడిని గుర్తించే గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్ ఆ బహుమతిని ఆయనతో పంచుకున్నారు. ఈ గ్రాహకాల కబురును లావుపాటి నాడులు మెరుపులా మెదడుకు చేరవేస్తాయి. ఎక్కడ తగిలింది, ఎంత గట్టిగా, గరుకుగా ఉందా మెత్తగా ఉందా అన్న వివరాలన్నీ వాటి పనే.

ఇవి కాక ఇంకో రకం నాడులు ఉన్నాయి. సన్నగా ఉంటాయి, పైన కొవ్వు తొడుగు ఉండదు, కబురు సెకనుకు సుమారు ఒక మీటరు చొప్పున మాత్రమే నడుస్తుంది. నూగు ఉండే చర్మంలో, అంటే ముంజేతుల మీదా వీపు మీదా ముఖం మీదా ఎక్కువగా ఉంటాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో, ఒంటి వెచ్చదనం ఉన్న చేతితో నిమిరితే ఇవి బాగా స్పందిస్తాయి. అంతకన్నా వేగంగా రుద్దినా, అంతకన్నా నెమ్మదిగా కదిలించినా వాటి స్పందన తగ్గుతుంది. స్వీడన్ శాస్త్రవేత్తలు 2009లో దీన్ని కొలిచి చూపించారు. ఏ వేగంలో నాడి బాగా మోగిందో ఆ వేగాన్నే మనుషులు హాయిగా ఉందని చెప్పారు.

వీటి పని ఏమిటో అర్థం కావడానికి ఒక స్త్రీ సహాయపడింది. జబ్బువల్ల ఆమె శరీరంలో లావుపాటి స్పర్శనాడులు దెబ్బతిని, ఈ సన్నటివి మాత్రం మిగిలాయి. మామూలు స్పర్శ ఆమెకు తెలియదు. కానీ ముంజేతి మీద మెత్తటి కుంచెతో నిమిరితే, చోటు సరిగ్గా చెప్పలేకపోయినా, ఏదో లీలగా హాయిగా ఉందని చెప్పగలిగింది. ఆ సమయంలో ఆమె మెదడులో శరీరపు లోపలి స్థితినీ భావాలనీ గమనించే ఇన్సులా అనే భాగం చురుగ్గా పనిచేసింది. 2002లో ఈ సంగతి తెలిసినప్పటినుంచి స్పర్శను ఒకే ఇంద్రియంగా చూడడం కష్టమైంది. వస్తువును తెలుసుకునే స్పర్శ ఒకటి, మనిషి దగ్గరితనాన్ని తెలుసుకునే స్పర్శ ఒకటి.

నొప్పి తగ్గడానికి మరో దారి కూడా ఉంది. నొప్పి కబురు వెన్నుపాములోకి ప్రవేశించే చోట తలుపులాంటి ఏర్పాటు ఉందని 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించారు. స్పర్శను మోసే లావు నాడులు చురుగ్గా ఉంటే ఆ తలుపు నొప్పికి కొంత మూసుకుంటుంది. మోకాలు బల్లకు కొట్టుకున్నప్పుడు ఎవరూ నేర్పకుండానే అక్కడ రుద్దుకోవడం ఇందుకే. ఆ సిద్ధాంతపు వివరాలు తర్వాత చాలా మారాయి. నొప్పి ఎంత ఉండాలన్నది దెబ్బ ఒక్కటే నిర్ణయించదన్న మూలసూత్రం నిలిచింది. మెదడు పైనుంచి కూడా ఆ తలుపును బిగించగలదు, తెరవగలదు. భయం, నిద్రలేమి, ఒంటరితనం తెరుస్తాయి. భద్రంగా ఉన్నానన్న భావన బిగిస్తుంది.

సియాటిల్ ఫలితాన్ని ఇప్పుడు మళ్లీ చూడండి. రెండు రకాల మర్దనల్లోనూ ఉన్నది ఏమిటి? వెచ్చటి చేయి, గంటసేపు ఎవరో తన మీదే మనసు పెట్టడం, ప్రశాంతమైన గది, కదలకుండా పడుకోవడం. ఇవన్నీ నాడీవ్యవస్థకు అందే కబుర్లే. వీటిని ఉత్త నమ్మకపు ప్రభావమని కొట్టిపారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. మాత్ర విషయంలో పైపూతను, లోపలి మందును విడదీసి పరీక్షించవచ్చు. మర్దనలో చేతిని తీసేసి మర్దనను మిగల్చడం ఎలా? అందుకే ఈ రంగంలో ఉత్తుత్తి మర్దనతో పోల్చడం ఇప్పటికీ పరిశోధకులకు తలనొప్పే. తేలికగా తాకి వదిలేసినా ఎంతో కొంత మేలు కనబడుతూనే ఉంటుంది.

మనసు మాటేమిటి

2004లో క్రిస్టఫర్ మోయర్ బృందం 37 పరిశోధనలను కలిపి విశ్లేషించింది. ఒక్కసారి మర్దన చేయించుకుంటే అప్పటి ఆందోళన తగ్గింది. కొన్ని వారాలపాటు వరసగా చేయించుకున్నవారిలో కుంగుబాటు, ఎప్పుడూ వెంటాడే ఆందోళన తగ్గిన తీరు మానసిక చికిత్సతో వచ్చే ఫలితానికి దగ్గరగా ఉంది. ఇది చిన్న విషయం కాదు. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పడిపోవడమే దీనికి కారణమని అందరూ నమ్మారు. 2011లో మోయరే మళ్లీ ఆ లెక్కలు తీస్తే, కార్టిసాల్‌లో వచ్చిన మార్పు దాదాపు సున్నా. ఇక్కడా అదే కథ. మేలు నిలిచింది, వివరణ నిలవలేదు.

2024లో 212 పరిశోధనలను పరిశీలించిన పెద్ద సమీక్ష ఒకటి వచ్చింది. పెద్దల్లో నొప్పి, ఆందోళన, కుంగుబాటు స్పర్శతో తగ్గుతున్నాయని అది చెప్పింది. అందులో రెండు వివరాలు నాకు విలువైనవిగా తోచాయి. మొదటిది, ఒక్కొక్కసారి ఎంతసేపు అన్నదానికన్నా ఎన్నిసార్లు అన్నదే ముఖ్యం. రెండోది, బరువైన దుప్పటో యంత్రమో తాకినా శరీరానికి మేలు జరుగుతుంది గానీ, మనసుకు మేలు మనిషి చేతితోనే ఎక్కువ. పసిబిడ్డలకైతే తల్లిదండ్రుల చేయి ఇంకా మేలు చేసింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు రోజుకు మూడుసార్లు, పదిహేను నిమిషాల చొప్పున పది రోజులు ఒళ్లు నిమిరి, కాళ్లూ చేతులూ మెల్లగా కదిలిస్తే, మిగతా బిడ్డలకన్నా రోజువారీ బరువు 47 శాతం ఎక్కువగా పెరిగిందని టిఫనీ ఫీల్డ్ బృందం 1986లోనే చూపింది.

మర్దన మధ్యలో కొందరికి ఉన్నట్టుండి ఏడుపు వస్తుంది. మనోవిశ్లేషకుడు విల్‌హెల్మ్ రైఖ్ కాలం నుంచీ కొన్ని పద్ధతులవారు దీన్ని కండరాల్లో దాగిన పాత గాయం బయటపడడంగా చెబుతున్నారు. కండరపు పోగులో జ్ఞాపకం దాగి ఉంటుందనడానికి ఆధారం లేదు. జ్ఞాపకం మెదడులో ఉంటుంది. అయితే దీర్ఘకాలం భయంతో బతికినవారు భుజాలు, దవడ, పొట్ట బిగబట్టి ఉండడం అలవాటు చేసుకుంటారు. ఆ బిగువు సడలిన క్షణంలో, ఎవరి ముందూ నటించనక్కరలేని నిశ్శబ్దంలో, అప్పటిదాకా ఆపుకున్నది పొంగితే అందులో వింత ఏముంది? ఆ కన్నీటిని గౌరవించి ఆగాలి. తవ్వి వెలికితీయాలని చూడకూడదు. మర్దన చేసేవారు మానసిక వైద్యులు కారు. హింసకు గురైనవారికి స్పర్శే భయం కలిగించవచ్చు. వారికి మొదట కావలసింది తమ శరీరం మీద తమకే అధికారం ఉందన్న నమ్మకం.

ఇన్ని పేర్లెందుకు

పద్ధతుల పేర్లు వింటే తల తిరుగుతుంది. స్వీడిష్ మర్దనకు ఆ పేరు స్వీడన్ వ్యాయామ గురువు పెర్ హెన్రిక్ లింగ్ వల్ల వచ్చినా, అందులోని నిమరడం, పిసకడం, తట్టడం వంటి వరసలకు ఫ్రెంచి పేర్లను స్థిరపరిచినది డచ్చి వైద్యుడు యోహాన్ మెజ్గర్ అంటారు. జపాను షియాత్సులో వేళ్ల ఒత్తిడి ప్రధానం. థాయ్ మర్దనలో సాగదీయడం ఎక్కువ, 2019లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. వాపు నీరు తొలగించడానికి వోడర్ దంపతులు 1930లలో రూపొందించిన పద్ధతిలో చేయి ఈకలా కదలాలి. గట్టిగా నొక్కితే ప్రయోజనమే పోతుంది. రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత చేయి వాచినవారికి బిగుతు పట్టీలతో కలిపి దీన్ని వాడతారు. అరికాలిలోని ఒక్కో చోటు ఒక్కో అవయవానికి అనుసంధానమనే రిఫ్లెక్సాలజీ పటానికి శరీరశాస్త్రంలో పునాది లేదు. పాదం ఒత్తితే హాయి కలగడానికి ఆ పటం అక్కరలేదు కూడా.

ఇక్కడ ఒక పరిశోధన గురించి తప్పక చెప్పాలి. 2008లో బ్రిటన్‌లో దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 579 మంది మీద జరిగింది. ఏడాది తర్వాత లెక్కిస్తే, మామూలు వైద్యంలో ఉన్నవారికి నెలలో 21 రోజులు నొప్పి ఉంది. ఆరుసార్లు మర్దన చేయించుకున్నవారికి 14 రోజులు. అలెగ్జాండర్ టెక్నిక్‌లో 24 పాఠాలు నేర్చుకున్నవారికి 3 రోజులు. ఈ టెక్నిక్‌లో ఒత్తడం, పిసకడం ఉండవు. కూర్చునేటప్పుడు, లేచేటప్పుడు, నడిచేటప్పుడు అనవసరంగా ఎక్కడ బిగుసుకుంటున్నామో గమనించి వదిలేయడం గురువు చేయి సాయంతో నేర్చుకుంటారు. పాఠాల సంఖ్యకూ మర్దనల సంఖ్యకూ పొంతన లేదు, నిజమే. ఆరు పాఠాలే నేర్చుకున్నవారికి కూడా 11 రోజులే నొప్పి ఉంది. ఒకరు మన ఒంటికి చేసిపెట్టేదానికన్నా మన ఒళ్లు నేర్చుకున్నది ఎక్కువ కాలం నిలుస్తుందని నేను దీన్నుంచి గ్రహించాను. మోకాళ్ల అరుగుదల ఉన్న 222 మంది మీద 2019లో వచ్చిన పరిశోధనలోనూ ఎనిమిది వారాల మర్దనతో కలిగిన మేలు ఏడాది చివరికి మిగతావారితో పోలిస్తే కనబడలేదు. కాబట్టి మర్దనతో నొప్పి తగ్గిన ఆ కొద్ది రోజుల్ని నడకకు, వ్యాయామానికి, నిద్రకు వాడుకోవాలి. తగ్గింది కదా అని మళ్లీ అదే కుర్చీలో అలాగే కూలబడితే ఆ అవకాశం చేజారిపోతుంది.

నొప్పి పుడితేనే పని జరిగినట్టన్న నమ్మకం నన్ను అన్నిటికన్నా బాధపెడుతుంది. గట్టి నొప్పి ఇంకో నొప్పిని కాసేపు అణచగలదు, అది నిజం. కానీ పళ్లు బిగబట్టి ఊపిరి ఆపుకున్న శరీరం తనను తాను కాపాడుకునే స్థితిలో ఉంటుంది. ఆ స్థితిలో కండరం సడలదు. మర్నాడు కమిలిన మచ్చలు కనిపిస్తే అవి రక్తనాళాలు చిట్లిన గుర్తులే, వైద్యం ఫలించిన గుర్తులు కావు.

కొన్ని పరిస్థితుల్లో మర్దన బల్ల ఎక్కే ముందు వైద్యుణ్ణి కలవాలి. ఒక కాలు మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, దాన్ని కదిలిస్తే ప్రాణాపాయం. నడుము నొప్పితో పాటు మూత్రం అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా ఒక్క గంట కూడా ఆలస్యం చేయకూడదు. జ్వరం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, రాత్రిపూట తగ్గని నొప్పి కూడా ముందు పరీక్ష చేయించవలసినవే. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, ఎముకలు గుల్లబారినవారు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. మర్దన వల్ల క్యాన్సర్ వ్యాపిస్తుందన్న భయం అవసరం లేదు, కణితి ఉన్నచోటా రేడియేషన్ తగిలిన చర్మం మీదా మాత్రం నొక్కకూడదు. మెడను ఒక్కసారిగా మెలితిప్పి చప్పుడు చేయించుకోవడం వద్దేవద్దు. మెడలోని రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్యరంగానికి తెలుసు.

చేసేవారు ముందుగా ఆరోగ్యం గురించి అడుగుతున్నారా, ఎక్కడ తాకవచ్చో ఎక్కడ వద్దో అడుగుతున్నారా, మధ్యలో చాలంటే ఆపుతున్నారా అన్నవి గోడ మీద వేలాడే సర్టిఫికెట్ల కన్నా ఎక్కువ చెబుతాయి. ఒంటి మీద వస్త్రం ఎంతవరకు ఉండాలో నిర్ణయించే హక్కు పడుకున్నవారిదే.

ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషిని రోజుకు ఎంతోమంది తాకుతారు. సూది కోసం, నాడి చూడడానికి, పక్క మార్చడానికి. ప్రతి స్పర్శా ఒక పని మీద వస్తుంది. 2008లో ముదిరిన క్యాన్సర్‌తో ఉన్న 380 మందిలో కొందరికి మర్దన చేయించారు. మిగతావారి మీద, మర్దన నేర్చుకోనివారు చేతులు ఊరికే ఆనించి ఉంచారు. మర్దన పొందినవారికి ఆ పూట నొప్పి ఎక్కువగా తగ్గింది. ఊరికే చేయి ఆనించినవారికీ కొంత తగ్గింది.

మంచం పక్కన ఏమి చేయాలో తోచక కూర్చున్నవారికి ఇది పనికొస్తుంది. ముందు అడగండి. సరేనంటే చేతులు రుద్దుకుని వెచ్చబరచుకోండి. సూదులూ గొట్టాలూ లేని చేతిని ఎంచుకుని మణికట్టు నుంచి మోచేతి దాకా మెల్లగా నిమరండి. ఆ దూరం దాటడానికి ఎనిమిది సెకన్లు పట్టాలి.